రోడ్డు గుర్తు తెలియనిది కాదు

హైదరాబాదు నగర పౌరులారా!

తెల్లవారకమునుపే పాలప్యాకెట్లు వేయబోవు కుర్రవాడు గాని, రాత్రి కావలి ముగించుకొని యింటికి మరలుచున్న వాచ్‌మన్ గాని, కూలి దొరకునన్న ఆశతో అడ్డాకు పోవుచున్న తాపీపనివాడు గాని రోడ్డు మీద ప్రాణము విడిచినపుడు, మరునాటి పత్రిక జిల్లా పుటలో నాలుగు పంక్తుల వార్త వచ్చును: గుర్తు తెలియని వాహనము ఢీకొని సైకిలిస్టు మృతి. ఆ వార్త చదివి మనము ఎన్నిసార్లు పుట త్రిప్పలేదు? 2022 ఒక్క సంవత్సరముననే ఈ దేశపు రోడ్లపై నాలుగువేలకు మించిన సైకిలు ప్రయాణికులు మరణించిరి. వాహనము గుర్తు తెలియనిదే కావచ్చును. రోడ్డు గుర్తు తెలియనిదా? దాని నమూనా గీసిన ఇంజనీరు, టెండరు దక్కించుకొన్న కాంట్రాక్టరు, బిల్లుపై సంతకము చేసిన అధికారి, వీరిలో ఎవరి పేరు దస్త్రములలో లేదు?

సైకిలు సంగతి మన ఇంజనీర్లకు తట్టలేదని ఎవరైన చెప్పిన నమ్మకుడు. రహదారి ఇంజనీర్ల సంస్థయైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు దారులకు ప్రమాణములు వ్రాసిపెట్టినది. గంటకు 200కు మించి మోటారు వాహనములు నడచు మార్గమున, సైకిళ్లు గంటకు నూరే యున్నను, వానికి ప్రత్యేకమైన దారి సమంజసమని అందు స్పష్టముగా నున్నది. మెహదీపట్నమున, ఉప్పల్ కూడలిలో, ఎల్బీనగరులో నేడు 200 వాహనములు సాగుటకు గంట కావలెనా? పచ్చదీపము కొలది మార్లు వెలిగిన చాలును. వాహనములను గాక మనుష్యులను తరలించుటయే లక్ష్యమని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము ప్రకటించెను. ఆ పిమ్మటను మన నగరమున ఫ్లైఓవర్లు లేచుచునే యున్నవి.

2023 అక్టోబరులో అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైనది. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన సౌరఫలకముల కప్పు. ఆ దారిని నేను నిందింపను. ఎండ తగులకుండ, మోటారు వాహనము చొరకుండ సైకిలుకు త్రోవ వేయగల నేర్పును, ధనమును, స్థలమును మనకు కలవని అది నిస్సంశయముగా నిరూపించినది. నా కోపమునకు కారణమును సరిగా అదియే. నానక్‌రామ్‌గూడలోను, నార్సింగిలోను సెలవునాటి ఉదయమున వ్యాయామమునకై త్రొక్కువానికి నీడ లభించినది. పొట్టకూటికై దినదినము త్రొక్కువానికి నగరము నడుమ లభించినదేమి? తారు మీద పూసిన రంగుగీత. దానిపై వరుసగా నిలిపిన కార్లు. చక్రము దిగబడునట్లు నిలువుగా అమర్చిన కాలువ ఊచలు. ఫ్లైఓవరు దిగి వడితో ఎడమకు మళ్లు వాహనములకును, ప్రక్క త్రోవనుండి వచ్చు సైకిలుకును నడుమ ఏ అడ్డును లేని కూడలి. గీత కారును ఆపదని గీసినవారికి తెలియదా?

దీనిని నిర్లక్ష్యమనుట వారిపట్ల మర్యాద. నీడ ఎవరికి కట్టవలెనో, ఎవరిని లారీల నడుమ విడువవలెనో తెలిసి నిర్ణయించిరి.

సైకిలు దారికి చోటు లేదందురు, కార్లు నిలుపుటకు దొరకిన చోటు ఎవరిది? ఎండ యందురు, పొట్టకూటికై త్రొక్కువాడు ఎండలోనే పోవుచున్నాడు. సైకిళ్లు తగ్గిపోయినవను మాటకు బదులు చెప్పుటయే అనవసరము. ప్రాణభయముతో జనులు విడిచిన దారిలో తలలు లెక్కించి అక్కరలేదని తేల్చుట విచారణ కాదు. జనులు పట్టుబట్టిన రోడ్లు మారుననుటకు నెదర్లాండ్సే సాక్ష్యము. 1971లో అచటి రోడ్లపై మూడువేలకు మించి ప్రాణములు పోయినవి. వారిలో పిల్లలే నాలుగువందలకు పైబడిరి. తల్లిదండ్రులు వీథుల కెక్కిరి. నేడు లోకము మెచ్చుకొను అచటి సైకిలు దారులు ఆ ఆగ్రహము నుండి పుట్టినవే.

మన చేతిలోను ఒక సాధనము కలదు: 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 198ఎ సెక్షను. రోడ్డు నమూనాలో గాని, నిర్మాణములో గాని, నిర్వహణలో గాని నిర్ణీత భద్రతా ప్రమాణములు పాటింపకపోవుటచే మరణమో అంగవైకల్యమో సంభవించినచో, బాధ్యమైన సంస్థకును, కాంట్రాక్టరుకును లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ప్రాణమునకు లక్ష రూపాయలా యని మీరు మండిపడవచ్చును, నేనును మండిపడుచున్నాను. కాని ఆ లక్షతోపాటు వారి పేరు న్యాయస్థానమున పిలువబడును. ఇంతవరకు గుర్తు తెలియని వాహనము వెనుక దాగిన పేరది. కావున సైకిలు ప్రయాణికుడు మరణించిన ప్రతి సందర్భమునను, రోడ్డును గూడ విచారింపవలెననియు, ఎఫ్.ఐ.ఆర్.లో ఈ సెక్షను చేర్పవలెననియు పట్టుబట్టుడు.

రోడ్డు అపాయకరమని అధికారులకు తెలిసియుండెనా, తెలిసికొనదగియుండెనా యని న్యాయస్థానము పరిశీలింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. మాకు తెలియదను మాట వారికి మిగులకుండ చేయుట మన పని. ఈ వారముననే మీ పేటలోని తెగిన సైకిలు దారిని, కాలువ ఊచలను, దీపము లేని మలుపును ఫొటో తీయుడు. స్థలము, తేదీ వేసి నగరపాలక సంస్థ కార్యాలయమున అర్జీ నిచ్చి, ముద్రతో కూడిన రసీదు తీసికొనుడు. ఒక ప్రతిని పోలీసు స్టేషనులో నిచ్చి, అచటను రసీదు పుచ్చుకొనుడు. నెల దాటినను మరమ్మతు జరుగనిచో అదే ఫొటోతో మరల పొండు.