జట్టు లెక్క

సంక్రాంతికో శ్రీరామనవమికో తెలుగు పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరగడం పరిపాటి. వాటిలో తలపడే జట్లు చాలావరకు ఔత్సాహిక జట్లే. వాటికి జీతాలు లేవు, ప్రాయోజకులు లేరు. యువకులు తమలో తాము చందాలు వేసుకొని ఆడతారు. ఇటువంటి జట్లు రెండు మూడేళ్ళకే చెదిరిపోవడానికి కారణం ఓటమి అనుకొంటే పొరపాటు. ఓడిన జట్టు మరుసటి ఏడు మళ్ళీ ఆడగలదు. లెక్క తేలని జట్టు మాత్రం కలిసి కూర్చోలేదు.

డబ్బుకు ఇబ్బంది పడటం ఏ జట్టుకూ అవమానం కాదు. 1932లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత హాకీ జట్టులో ధ్యాన్‌చంద్ వంటి మేటి క్రీడాకారులున్నారు. అయినా విరాళాలు, అప్పులు, ప్రదర్శన పోటీల రాబడి దాని ప్రయాణానికి ఆధారమయ్యాయి. ఆ జట్టే స్వర్ణపతకం గెలిచింది. 1983లో ప్రపంచకప్పు సాధించిన క్రికెట్ జట్టుకు నజరానా ఇవ్వడానికి సైతం లతా మంగేష్కర్ ఢిల్లీలో చేసిన కచేరీ రాబడి అవసరమైంది. కనుక లేమి దోషం కాదు. ఉన్న సొమ్ముకు లెక్క లేకపోవడమే దోషం.

ఒక ఉదాహరణ చూద్దాం. పన్నెండుమంది గల కబడ్డీ జట్టు పొరుగు మండలంలో పోటీకి వెళ్ళాలి. ప్రవేశ రుసుము 1,000 రూపాయలు, వ్యాను కిరాయి 3,500, భోజనాలకు 1,500 అనుకొంటే మొత్తం 6,000. తలకు 500 చొప్పున పంచడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని దుకాణదారుని కుమారునికి ఆ 500 చేతి ఖర్చు. కూలికి వెళ్ళే యువకునికి అది ఒక దినపు సంపాదన. అతడు డబ్బు లేదని చెప్పుకోలేక, ఒంట్లో బాగులేదని ఇంటి వద్ద ఉండిపోతాడు. జట్టు తన మేటి ఆటగాణ్ణి ఆ విధంగా పోగొట్టుకొంటుంది. సమానమైన వాటా అన్నివేళలా సమన్యాయం కాదు.

ఈ భారం తప్పించుకోవడానికి కొన్ని జట్లు ఊరి పెద్దనొకరిని ఆశ్రయిస్తాయి. దాత ఉదారుడైతే మేలే. కాని ఖర్చంతా ఒక్కరే భరించినచోట, ఎవరు ఆడాలి, ఎవరు నాయకుడు కావాలి అనే నిర్ణయాలు కూడా క్రమంగా ఆయన చేతిలోకి పోతాయి. పదిమంది ఇచ్చే చిన్న మొత్తాలే జట్టు స్వేచ్ఛను నిలుపుతాయి.

అయితే పదిమందిలో పాము చావదన్నట్లు, అందరిదీ అయిన సొమ్ము ఎవరికీ పట్టనిదై పోరాదు. అందుకు ఒక కోశాధికారిని ఎన్నుకోవాలి. చందా ఎంత చిన్నదైనా రశీదు ఇవ్వాలి. ఈనాడు చందాలు సెల్‌ఫోన్ ద్వారా ఒకరి సొంత ఖాతాలో చేరి ఇంటి ఖర్చుతో కలిసిపోతున్నాయి. ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ఇంతకంటె క్షేమం. 2001 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు; కబడ్డీ బరిలో నిలిచేదీ ఏడుగురే. బహుమతి సొమ్ము వచ్చినప్పుడు మొదట అప్పులు తీర్చి, కొంత నిల్వ ఉంచి, మిగిలినదే పంచుకోవాలి. ఆ నిల్వ నుండే చందా ఇవ్వలేని వాని ఖర్చును, గాయపడిన వాని వైద్యాన్ని భరించాలి. ఖర్చుల పద్దు అందరి ఎదుట చదవాలి; ఎవరికి సాయం అందిందో మాత్రం గోప్యంగా ఉంచాలి.

స్నేహితుల మధ్య లెక్కలెందుకు, అది అపనమ్మకం కాదా అని కొందరంటారు. నిజానికి లెక్క వ్రాయనిచోటనే అనుమానం పుడుతుంది. నిజాయితీపరుడైన కోశాధికారి కూడా ఏడాది తరువాత అడిగితే నోటి మాటగా ఏమి చెప్పగలడు? పద్దుల పుస్తకం ఆయన మీద నిఘా కాదు, ఆయన గౌరవానికి రక్ష.

పదిమంది సొమ్మును తన సొమ్ముకంటె జాగ్రత్తగా చూడటం పౌరజీవితానికి పునాది. రేపు గ్రామ పంచాయతీ నిధులకు, సహకార సంఘాల ఆస్తులకు బాధ్యత వహించవలసినవారు నేటి యువకులే. ఆ శిక్షణ ఆటస్థలంలోనే మొదలుకావడం వారికీ, ఊరికీ మేలు.