గ్యాసు గోదాములో పట్టి నింద రైతుకా?



2020 సెప్టెంబరులో మన దేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని బెల్జియం పట్టుకుంది. తర్వాత యూరప్‌లో ఆహార సప్లిమెంట్లలోనూ అదే దొరికి, దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ మన మసాలా పొడుల అమ్మకం ఆపించింది. ఇది క్యాన్సర్ తెచ్చే గ్యాసు. తిండి సరుకుకు పట్టడానికి మన దేశంలోనూ అనుమతి లేదు.

ఇలాంటి వార్త రాగానే అనే మాట ఒక్కటే: "రైతులు మందులు ఎక్కువ కొడుతున్నారు!" అయ్యా, ఇది చేనులో కొట్టే మందు కాదు. సరుకు మన చేయి దాటాక, క్రిములు, బూజు చావాలని మూసిన గదిలో పట్టే గ్యాసు.

నడిగడ్డ మిర్చి యార్డుకు తెస్తే తేమ అని, తాలు అని మనకు తరుగు తీస్తారు. యార్డు దాటాక దానికి ఏం పట్టారో అడిగేదెవరు? సరుకు వాపసొస్తే ఆ నష్టం మాత్రం మన ధర మీదే రుద్దుతారు.

గ్యాసు బదులు ఆవిరి పట్టొచ్చు. ఆ యూనిట్లు మన యార్డుల్లో సర్కారు పెట్టాలి. ప్రతి లాటుకు ఏం పట్టారో రాయాలి. విదేశీయుల తిండికి చేసే పరీక్ష మన పిల్లల తిండికీ చేయాలి.

చేనులో మందు తగ్గించడం మన బాధ్యత, ఒప్పుకుంటాం. చేయని తప్పు మాత్రం మోయం.