కళాశాలా పాలనమున పరిషత్తు స్థానము

కళాశాలా పాలనము అధికారి యొక్కని భారమా, పరిషత్తు కర్తవ్యమా అను ప్రశ్న మన శాస్త్రములకు కొత్తది కాదు. మనుస్మృతి పండ్రెండవ అధ్యాయము ధర్మసంశయ నిర్ణయమునకు పదుగురి పరిషత్తును విధించినది. అందు వేదత్రయము నెరిగినవారితో పాటు హైతుకుడు, తార్కికుడు, నైరుక్తుడు, ధర్మపాఠకుడు కలరు. మొదటి మూడు ఆశ్రమములవారికిని స్థానము కలదు. ప్రథమాశ్రమి బ్రహ్మచారి, అనగా విద్యార్థి. మువ్వురు చాలుననియు, వేదవేత్త యొక్కడే చాలుననియు అచటనే వికల్పములున్నవి. అయినను ఆ యొక్కని ప్రామాణ్యము విద్యచే వచ్చినదే గాని పదవిచే వచ్చినది కాదు. ద్విజులకు పరిమితమైన ఆ పరిషత్తు నేడు యథాతథముగా గ్రాహ్యము కాదు. ప్రశ్నించువానికిని, చదువుకొనువానికిని ఆసనమిచ్చిన సూత్రము మాత్రము గ్రాహ్యము.

అమీరుపేట, పంజాగుట్టలకు చేరువనున్న బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల స్వయంప్రతిపత్తి గలది. ఇట్టి కళాశాలలకు పాలకమండలి, విద్యామండలి, పాఠ్యప్రణాళికా మండలి, ఆర్థికసంఘము ఉండవలెనని యు.జి.సి. నియమము. 2018 నాటి నియమావళి ననుసరించి విద్యామండలిలో శాఖాధ్యక్షులందరును, వంతుల వారీగా నలుగురు అధ్యాపకులును సభ్యులు. ప్రభుత్వ కళాశాల పాలకమండలిలోని అధ్యాపకు లిద్దరిని సీనియారిటీని బట్టి ప్రిన్సిపాలే నియమించును. విద్యార్థికి ఈ రెండు సభలలోను స్థానము చెప్పబడలేదు. 2023లో నూతన నియమావళి వచ్చినది. నియమావళి యేదైనను, సభలో కూర్చుండుట మాత్రమే పాలనమున పాలుపంచుకొనుట కాజాలదు.

అమీరుపేట మైత్రీవనము చుట్టునున్న శిక్షణాకేంద్రములలో గిరాకీని బట్టి కోర్సు పుట్టును, గిరాకీ తగ్గగనే అంతరించును. వ్యాపారమునకు అది సహజము. ప్రభుత్వ కళాశాలయు అట్లే నడచినచో సంస్కృతము వంటి విషయముల గతి యేమి? తెలంగాణమున 2016 నుండి డిగ్రీ ప్రవేశములు దోస్త్ ద్వారా జరుగుచున్నవి. చేరినవారి సంఖ్య తగ్గినదని ఒక విషయమును మూసివేయుటకు ఆ అంకె యొక్కటే ప్రమాణము కారాదు. బోధించువారి వాదమును, చదువుకొనువారి అవసరమును విన్న పిదపనే నిర్ణయము జరుగవలెను.

ఇందుకు మూడు సూచనలు. మొదటిది, పాలకమండలిలోని అధ్యాపకులను తోటి అధ్యాపకులే ఎన్నుకొనవలెను. రెండవది, విద్యామండలిలో ఇద్దరు విద్యార్థులకు మాటలాడు హక్కు ఉండవలెను. మూడవది, చర్చనీయాంశములను వారము ముందుగా సభ్యులకు పంపి, భిన్నాభిప్రాయమును, దానికిచ్చిన సమాధానమును కార్యవృత్తమున వ్రాయవలెను. మూడింటిలో ఇది ముఖ్యము. న్యాయశాస్త్రమున వాద, జల్ప, వితండలలో తత్త్వనిర్ణయము ఫలముగా గలది వాదమే. పూర్వపక్షమును నమోదు చేయని సభలో వాదము సిద్ధింపదు.

ఇట్లయినచో కార్యములు ఆలస్యమగునని కొందరందురు. ప్రతి చర్చకును గడువు విధింపవచ్చును. గడువు దాటినచో ప్రిన్సిపాల్ నిర్ణయించి, కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అధికారము లోపింపదు, జవాబుదారీతనము చేకూరును.

పూర్వపక్షము లేని సిద్ధాంతమును మనము తరగతిలో అంగీకరింపము. కావున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులే తమ సభలలో ఈ పద్ధతిని ముందుగా ఆచరించి, ఫలమును పరిశీలించి, విశ్వవిద్యాలయములకు నివేదించుట ఉచితము.