కాందిశీక స్త్రీ కథ ఎవరి సొత్తు?

మానవశాస్త్రం మానవుని గురించిన శాస్త్రమని అందరమూ చదువుకుంటాము. అయితే ఆ మానవుని గురించి వ్రాసే అధికారం ఎవరికి సంక్రమించినది, వ్రాసినదానివల్ల ఎవరికి మేలు కలిగినది అన్న ప్రశ్నలు మన పాఠ్యగ్రంథాలలో అరుదుగా కనిపిస్తాయి. యుద్ధం ముగిసిన సమాజాలలోని కాందిశీక స్త్రీల విషయంలో, అందునా ఐరోపాలోని రోమా స్త్రీల విషయంలో ఈ ప్రశ్నలు అడిగి చూస్తే, లభించే సమాధానం మనలను కలవరపరచక మానదు. ఒకరి దుఃఖాన్ని అడిగి వ్రాసుకొన్నవాడు ఆ దుఃఖానికి ఋణపడతాడు. ఆ ఋణాన్ని గుర్తించని పరిశోధనలో ఎంత పాండిత్యమున్నా అది అసంపూర్ణమేనని నా అభిప్రాయం.

రోమాలు మనకు బొత్తిగా పరాయివారు కారు. సుమారు వేయి సంవత్సరాల క్రితం భారతదేశం నుండి పడమటికి తరలిపోయిన జనసమూహాల సంతతివారు వారు. ఇందుకు బలమైన సాక్ష్యం వారి భాషయే. రోమానీ భాషలో నీటిని ‘పానీ’ అంటారు. చెవిని ‘కాన్’ అంటారు. ముక్కును ‘నాఖ్’ అంటారు. మనిషిని ‘మనుష్’ అంటారు. ఉర్దూ, తెలుగు రెండూ చెవినపడే మన కళాశాల ఆవరణలో ఈ మాటలకు వేరే నిఘంటువు అక్కరలేదు. 1971లో లండన్ సమీపాన జరిగిన ప్రథమ ప్రపంచ రోమా మహాసభ అంగీకరించిన పతాకంలో చక్రం చిహ్నంగా నిలిచినది. కాని బంధుత్వాన్ని చెప్పుకొని గర్వించడం సులభం. ఆ బంధువు ఎట్లు జీవిస్తున్నదో తెలుసుకొనడమే కష్టం.

రోమాల చరిత్రలో పరిశోధకుడు ఎల్లప్పుడూ మిత్రుడుగా రాలేదు. నాజీల కాలంలో రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుని నాయకత్వాన ఒక పరిశోధక బృందం జర్మనీలోని రోమా, సింతీ కుటుంబాల వంశవృక్షాలను సేకరించి, తలలు కొలిచి, దాదాపు 24,000 మందికి జాతి నిర్ణయ పత్రాలు తయారు చేసినది. ఆ బృందంలోని ఏవా యూస్టిన్ అనే స్త్రీ రోమానీ భాష నేర్చుకొని, వారి ఇండ్లలో కూర్చుండి, వారి నమ్మకాన్ని సంపాదించినది. మల్ఫింగెన్ అనే ఊరిలోని అనాథాశ్రమంలో పెరుగుతున్న పిల్లలపై పరిశోధన చేసి డాక్టరు పట్టం పుచ్చుకొన్నది. ఆమె పని ముగిసిన పిమ్మట, 1944 మే నెలలో, సుమారు 40 మంది పిల్లలు ఆష్విట్జ్‌కు పంపబడినారు. వారిలో బ్రతికి బయటపడినవారు బహు స్వల్పం. యుద్ధానంతరం యూస్టిన్‌కు శిక్ష పడలేదు సరికదా, ఫ్రాంక్‌ఫర్ట్ నగర పాలక సంస్థలో ఉద్యోగం లభించినది. భాష నేర్చుకొనడం, సానుభూతి చూపడం, ఇంటిలో కలిసిపోవడం మంచి క్షేత్ర పరిశోధనకు లక్షణాలని మనకు చెబుతారు. ఆ లక్షణాలన్నీ ఉన్న పరిశోధన సైతం మృత్యువుకు దారి చూపగలదని ఈ ఒక్క ఉదంతమే చాటుతున్నది.

ఇది ఐరోపాకే చెల్లిన విషయమని తృప్తిపడనక్కరలేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమనే పేర, కొన్ని కులాలవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టినది. 1911 తరువాత మన తెలుగు ప్రాంతంలోని ఎరుకలవారు మొదలైనవారు ఆ చట్టపు పట్టులో చిక్కినారు. స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లు వెలసినవి. 1952లో ఆ చట్టం రద్దయినది. చట్టం పోయినా ముద్ర పోలేదు. జాబితా వ్రాసే చేయి ఎంత బలమైనదో మనకు బాగుగా తెలియవలెను.

ఇక కొసావోకు వద్దాము. 1999 జూన్‌లో యుద్ధం ముగిసి, సెర్బు సేనలు వైదొలగి, ఐక్యరాజ్యసమితి పరిపాలన ఏర్పడినది. లోకం శాంతి వచ్చినదని భావించినది. ఆ శాంతి తొలి దినాలలోనే మిత్రోవిత్స పట్టణంలో, ఇబార్ నది దక్షిణపు ఒడ్డున, సుమారు 8,000 మంది నివసించే రోమా పేట దగ్ధమైనది. ఆ పేట పేరు రోమా మహల్లా. మన హైదరాబాదులో వినిపించే మహల్లాయే తురుష్క పాలన ద్వారా అక్కడికి చేరిన మాట. రోమాలు సెర్బు సేనలకు తోడ్పడినారన్న ఆరోపణతో ఒక సమూహం మొత్తం శిక్షింపబడినది. పలువురు పరదేశాలకు పోయినారు. పోలేనివారిలో సుమారు 600 మంది నదికి ఉత్తరాన జిట్కోవత్స్, చెస్మిన్ లుగ్ మొదలైన శిబిరాలలో ఉంచబడినారు. ఆ శిబిరాలు ట్రెప్చా సీసపు గనుల వ్యర్థాల గుట్టలకు చేరువలో ఉన్నవి.

అక్కడి నేలలో, గాలిలో సీసమున్నదని 2000 సంవత్సరంలోనే అధికారులకు తెలిసినది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించగా, కొందరు పిల్లల రక్తంలో సీసం కొలిచే పరికరపు హద్దును సైతం దాటినది. వారిని వెంటనే తరలించవలెనని ఆ సంస్థ కోరినది. అయినను చెస్మిన్ లుగ్ శిబిరం 2010 వరకు కొనసాగినది. 2006లో పక్కనే తెరచిన ఓస్టరోడె శిబిరం 2012 చివరిలో గాని మూతపడలేదు. తాత్కాలికమన్న మాట పదమూడేండ్లు సాగినది.

ఈ విషాదంలో స్త్రీ స్థానం ఎక్కడ? సీసం శరీరంలో ప్రవేశించి ఎముకలలో నిలువ చేరుతుంది. గర్భం ధరించినప్పుడు, పాలిచ్చునప్పుడు తల్లి ఎముకలు కరిగి బిడ్డకు సున్నం అందించునట్లే, దాచుకొన్న సీసాన్ని కూడా అందిస్తాయి. సున్నము, ఇనుము లోపించిన శరీరం సీసాన్ని మరింతగా గ్రహిస్తుంది. శిబిరపు పస్తులలో ఆ లోపం ఎవరికి అధికమో వేరుగా చెప్పనక్కరలేదు. నేల ఊడ్చేది, బట్టలు ఉతికేది, దుమ్ములో ఆడిన బిడ్డను ఎత్తుకొనేది ఆమెయే. కొన్ని కుటుంబాలు పాత బ్యాటరీలు కరిగించి పొట్టపోసుకొన్నవి గనుక తప్పు వారిదేనన్న వాదన కూడా వినిపించినది. వ్యర్థాల గుట్ట చెంత గుడిసె వేసి ఇచ్చినవారు, ఆ గుడిసెలోని పొయ్యిని నిందించినారు!

2016 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితివారి మానవహక్కుల సలహా మండలి, 138 మంది చేసిన ఫిర్యాదును విచారించి, కొసావోలోని సమితి పరిపాలనయే హక్కులను ఉల్లంఘించినదని నిర్ణయించినది. క్షమాపణ చెప్పి నష్టపరిహారానికి పూనుకొనవలెనని సలహా ఇచ్చినది. 2017లో సమితి విచారం వెలిబుచ్చి, స్వచ్ఛంద విరాళాల నిధి ఒకటి ఏర్పాటు చేసినది. అది వ్యక్తులకిచ్చే పరిహారం కాదు. విచారమనే మాటకు, పరిహారమనే మాటకు నడుమ ఆ తల్లులు నిలిచిపోయినారు.

మరొక దృష్టాంతం చూడండి. 2014లో కొసావో శాసనసభ యుద్ధకాలంలో లైంగిక హింసకు గురియైనవారిని బాధితులుగా గుర్తించినది. 2018 నుండి దరఖాస్తులు స్వీకరింపబడినవి. ఇది నిస్సందేహంగా మెచ్చదగిన పని. కాని ఆ చట్టం చూసే కాలం 1998 ఫిబ్రవరి 27 మొదలు 1999 జూన్ 20 వరకే. రోమాలపై ప్రతీకార దాడులు సాగినది ప్రధానంగా సెర్బు సేనలు వెళ్ళిన తరువాత. జూన్ 21వ తేదీన అత్యాచారానికి గురియైన స్త్రీకి ఆ చట్టంలో చోటు లేదు. యుద్ధం ఎప్పుడు ముగిసినదన్న ప్రశ్నకు సైన్యాధిపతి ఒక సమాధానం చెబుతాడు, ఆ స్త్రీ వేరొకటి చెబుతుంది. ఇట్టి చోటనే మానవశాస్త్రానికి పని ఉన్నది. ఆమె పంచాంగాన్ని వ్రాసిపెట్టగలిగితే, చట్టపు పంచాంగాన్ని ప్రశ్నించవచ్చును.

ఈ రంగంలో మార్గదర్శకులు లేకపోలేదు. బార్బరా హారెల్-బాండ్ 1986లో ప్రకటించిన గ్రంథంలో, సహాయం పేర కాందిశీకులపై పరుల నిర్ణయాలు ఎట్లు రుద్దబడుతున్నవో సూడాన్ అనుభవం నుండి చూపినది. బురుండి నుండి టాంజానియాకు వచ్చిన హూటూలను పరిశీలించిన లీసా మాల్కీ, శిబిరంలోనివారు తమ చరిత్రను ఒకవిధంగా, పట్టణంలో కలిసిపోయినవారు వేరొకవిధంగా భావించుకొన్నారని 1995లో వివరించినది. కాందిశీకుడనే ఏకరూప వ్యక్తి లేడని తెలిసినది. 2020లో పలోమా గే ఇ బ్లాస్కో అనే మానవశాస్త్రజ్ఞురాలు, స్పెయిన్‌కు చెందిన రోమా స్త్రీ లిరియా హెర్నాండెజ్‌తో కలిసి ఒక గ్రంథం రచించినది. అందులో హెర్నాండెజ్ సమాచారం అందించిన వ్యక్తిగా గాక సహరచయిత్రిగా నిలిచినది. ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించినా, శాస్త్రానికి ఇది పెద్ద మలుపు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. రోమా కుటుంబాలలోనే బాల్యవివాహాలు, స్త్రీలపై ఆంక్షలు లేవా, వాటిని గురించి మౌనం వహించవలెనా అని. మౌనం అక్కరలేదు. రోమా స్త్రీవాదులే ఆ మాటలు బాహాటంగా అంటున్నారు. ఇంటిలోని అన్యాయాన్ని, వీధిలోని అన్యాయాన్ని ఏకకాలంలో ఎదిరించవలెనని వారి వాదం. చెడ్డదేమనగా, “వారి ఆచారమే అంత” అనే ఒక్క మాటతో బడి నిరాకరించడం, వైద్యం నిరాకరించడం, విషపు నేలపై ఉంచడం. అల్పసంఖ్యాక వర్గపు కళాశాలలో చదివే మనకు ఈ మాట రుచి తెలియనిది కాదు.

అట్లయితే పరిశోధన మానుకొనడమే మేలు కాదా? కాదు. రక్తపరీక్షల అంకెలు లేకపోతే మిత్రోవిత్స తల్లుల మొర వట్టి ఏడుపుగానే మిగిలిపోయేది. అంకెలున్నా వారికి న్యాయం ఆలస్యమయినది. అంకెలు లేకపోతే ఆ విచారణకు ఆధారమే ఉండేది కాదు. లెక్కించడం కావలెను; ఎవరి కోసం లెక్కిస్తున్నామన్న ఎరుక అంతకన్న కావలెను.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు సామాజిక సర్వేల నిమిత్తం బస్తీలకు, తాండాలకు వెళుతుంటారు. ఫారంలో ‘కుటుంబ యజమాని’ అన్న గడి నింపి, గడపలో నిలిచిన పురుషుని మాటతో తిరిగి వచ్చుట పరిపాటి. కళాశాల కమిటీవారికి నా మనవి ఇది. సర్వేకు పంపే ముందు నాలుగు నియమాలను లిఖితపూర్వకంగా ఏర్పరచండి. ఇంటిలోని స్త్రీ మాటను ఆమె నోటనే, ఆమె కోరిన చోట వినవలెను. చెప్పనని అంటే, కారణం అడగక సెలవు తీసుకొనవలెను. వ్రాసినదానిని ఆమె భాషలో ఆమెకు చదివి వినిపించి, తప్పు దిద్దే హక్కు ఇవ్వవలెను. పేర్లు, గుర్తులు బయటి చేతులలో పడకుండా కాపాడి, ఫలితాల ప్రతి ఒకటి ఆ బస్తీకే తిరిగి చేర్చవలెను. వీటికి ధనం అక్కరలేదు. కాస్త ఓర్పు, కాస్త వినయం చాలును.

యుద్ధాలు ముగిసినట్లు ప్రకటించేవారు చాలామంది ఉన్నారు. అవి ఎవరికి ఇంకా ముగియలేదో అడిగి తెలుసుకొనేవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో మన విద్యార్థులు చేరవలెనని, అడిగినదానికి బాధ్యులుగా నిలువవలెనని నా ఆకాంక్ష.