అలకు ఇసుక, ఆటగాడికి జీతం

2025 ఆగస్టులో మహాబలిపురం తీరాన ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. ఆ పోటీలకు మన దేశం ఆతిథ్యమివ్వడం అదే మొదటిసారి. పురుషుల విభాగంలో రమేశ్ బుడిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం అందుకున్న తొలి భారతీయుడు అతనే. కర్ణాటక నుంచి కేరళలోని కోవళానికి బతుకుతెరువు కోసం వెళ్లి, ఒడ్డున పర్యాటకులకు చిన్న చిన్న వస్తువులు అమ్ముకున్న కుటుంబం అతనిది.

మొరసునాడులోని హోసూరు, కృష్ణగిరి వాసులు ఈ వార్తను పక్క ఊరి పెళ్లి కబురులా చదివి వదిలేసి ఉంటారు. సముద్రం మనకు చాలా దూరం. అయినా ఈ ఆటకు కొరవడిన రెండింటికీ మన మొరసునాడుతో సంబంధం ఉంది. ఒకటి జీతం, రెండోది ఇసుక.

ముందు ఆటగాళ్ల సంగతి చూద్దాం. 2004లో కర్ణాటక తీరంలోని ముల్కిలో జాక్ హెబ్నర్ అనే అమెరికన్ సన్యాసి తన ఆశ్రమంలోనే మంత్ర సర్ఫ్ క్లబ్ నెలకొల్పాడు. ఆ మరుసటి ఏడాది కేరళ కోవళంలో పేదపిల్లల కోసం ఇంకో క్లబ్ మొదలైంది. బడికి వెళ్లనివాళ్లకు బోర్డు ఇచ్చేది లేదన్నది అక్కడి నియమం. రమేశ్ ఎదిగింది ఆ క్లబ్‌లోనే. చెన్నై దగ్గర కూడా ఒక కోవళం ఉంది. అక్కడి మత్స్యకారుడు మూర్తి మేగవన్ దొరికిన చెక్కతోనే అలలెక్కడం సాధన చేశాడు. 2012లో పారిశ్రామికవేత్త అరుణ్ వాసు తోడ్పాటుతో తన పల్లెలోనే సర్ఫింగ్ పాఠశాల తెరిచాడు. మహాబలిపురంలో పుట్టిన కమలి మూర్తి చిన్నతనంలో స్కేట్‌బోర్డుతో పేరు తెచ్చుకుంది. ఆమె మీద తీసిన లఘుచిత్రం 2020లో బాఫ్టా నామినేషన్ దాకా వెళ్లింది. తర్వాత ఆమె సముద్రంలోకి దిగి జాతీయ స్థాయి విజేత అయింది.

వీళ్లను అలల్లోకి లాగింది డబ్బు కాదు, మొన్నమొన్నటి దాకా ఈ ఆటలో డబ్బన్నదే లేదు. మత్స్యకార పల్లెలో పుట్టిన కుర్రాడికి సముద్రమంటే తండ్రి ఒళ్లు హూనం చేసుకునే చోటు, 2004 డిసెంబరు సునామీలో ఊరి మీదికి వచ్చిపడిన నీళ్లు. బోర్డు మీద నిలబడిన ఆ కొన్ని సెకన్లు మాత్రం అదే సముద్రం అతని మాట వింటుంది. ఒడ్డున నిలబడి చూసేవాళ్లు అతన్ని చేపలు పట్టేవాడి కొడుకుగా కాక ఆటగాడిగా చూస్తారు. ఆ చూపు కోసం మనిషి ఎంత కష్టమైనా పడతాడు. పైగా ఇది తనివి తీరే విద్య కాదు. క్రికెట్‌లో ఒకే బంతిని యంత్రం చేత వందసార్లు వేయించుకుని సాధన చేయొచ్చు. ఇక్కడ ఏ అలా రెండోసారి రాదు. ఎన్నేళ్లు ఆడినా నేర్చుకోవలసింది మిగిలే ఉంటుంది.

కెరటాన్ని చదవడం మన తీరాలకు కొత్త కాదు. పూరీ తీరాన పెంటకోటలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరాలుగా ఉంటున్నారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు వారు. అక్కడ వారిని నోలియాలంటారు. కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో ముంచి తీసుకొచ్చే మనుషులు, మునిగిపోయేవాళ్లను కాపాడే మనుషులు వాళ్లే. ఏ కెరటం లేస్తుందో, ఏది ఒడ్డుకు రాకముందే చచ్చిపోతుందో వాళ్లకు కంటిచూపుతో తెలుసు. చెన్నపట్నానికి రేవు కట్టక ముందు ఓడలు దూరాన ఆగేవి. కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకులనూ మనుషులనూ విరిగే అలల మీదుగా ఒడ్డు చేర్చింది అక్కడి పడవవాళ్లు. ఎంతో ప్రాణాపాయంతో కూడిన ఆ నేర్పుకు ప్రతిఫలం ఏమిటి? పడవవాడికి ఖేపుకు కూలి, నోలియాకు యాత్రికుడు చేతిలో పెట్టే నోటు. నేర్పును మెచ్చుకుని మనిషిని మాత్రం ఏ పూటకా పూట వదిలేసే ఆ పద్ధతే నేటి సర్ఫర్‌కూ దాపురించింది.

ఈ ఆట నడిచే తీరు తెలిస్తే కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. ఒక్కో రౌండు సుమారు అరగంట. ఆ వ్యవధిలో ఎన్ని అలలెక్కినా, పదికి పడిన మార్కుల్లో అత్యుత్తమమైన రెండింటినే లెక్కిస్తారు. కాబట్టి ఏ అలను వదిలేయాలో తెలియడమే సగం ఆట. ఆ వివేకం పెద్ద అలలూ పొడవైన అలలూ విరిగే చోట వేలసార్లు ఆడితేనే వస్తుంది. మన తూర్పు తీరంలో అలలు ఎక్కువ రోజులు చిన్నవి, ఒడ్డు దగ్గరే విరిగిపోతాయి. చిన్న అలల ఫ్లోరిడాలో పెరిగిన కెల్లీ స్లేటర్ 11 సార్లు ప్రపంచ విజేత కాలేదా అని అడగవచ్చు. అయ్యాడు. కానీ చిన్నతనం నుంచే పెద్ద అలల కోసం దేశాలు తిరిగే వీలు అతనికి దొరికింది. మనవాళ్లు ఇండోనేషియాకో మాల్దీవులకో వెళ్లాలంటే విమానం టికెట్టు, వీసా, బోర్డుల సామాను ఛార్జీ అన్నీ సొంతంగా చూసుకోవాలి. బోర్డులు చాలావరకు విదేశాల నుంచి రావలసిందే. పోటీ ముందు బోర్డు విరిగితే ఆ సీజనే పోవచ్చు.

మరి తిండి ఎలా? ఎక్కువమంది పర్యాటకులకు సర్ఫింగ్ నేర్పి బతుకుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గాలి ఇంకా లేవని తెల్లవారుజామున అల నునుపుగా, చక్కగా విరుగుతుంది. నేర్చుకునేవాళ్లు వచ్చేదీ ఆ వేళకే. ఆటగాడు తన సాధనకు పనికొచ్చే గంటల్లో నడుముల్లోతు నీళ్లలో నిలబడి కొత్తవాళ్ల బోర్డును ముందుకు తోస్తుంటాడు. ప్రపంచ పర్యటన ఆడేవాడితో ఇతన్ని పోల్చి వెనకబడ్డాడనడం అన్యాయం.

ఆడపిల్లల దారి ఇంకా ఇరుకు. మన మత్స్యకార పల్లెల్లో వల, పడవ మగవాళ్లవి; చేపల గంప ఆడవాళ్లది. అమ్మాయి నీళ్లలోకి దిగితే రంగు మాడిపోతుందని, పెళ్లి కాదని ఊరంతా చెప్పేవాళ్లే. ప్రపంచ సర్ఫ్ లీగ్ 2019 నుంచి స్త్రీ పురుషులకు సమానంగా బహుమతి సొమ్ము ఇస్తోంది. మన పల్లెలో పెళ్లి వయసు లెక్కలను దాటివచ్చిన అమ్మాయికే ఆ సమానత్వం అందుబాటులోకి వస్తుంది.

విదేశాల్లో ఈ భారం మోసింది సర్ఫింగ్ నుంచే పుట్టిన కంపెనీలు. 1969లో ఆస్ట్రేలియాలోని టోర్కీ అనే చిన్న ఊళ్లో రిప్ కర్ల్, క్విక్‌సిల్వర్ పుట్టాయి. బట్టలు, ఈత దుస్తులు అమ్మి ఆ లాభంతో ఆటగాళ్లను పోషించాయి. 2015లో క్విక్‌సిల్వర్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఆటగాడి జీతం ఫ్యాషన్ మీద ఆధారపడితే వచ్చే ముప్పు ఇదే. మన దగ్గర అటువంటి కంపెనీ కూడా లేదు.

కానీ ఆటగాణ్ణి ఫ్యాక్టరీ పోషించే పద్ధతి హోసూరుకు బాగా తెలుసు. 1980లో ఇక్కడ మోపెడ్ల తయారీ మొదలుపెట్టిన టీవీఎస్, రెండేళ్లకే, 1982లో రేసింగ్ జట్టును కట్టింది. ఫ్యాక్టరీ జట్టంటే బండి, మెకానిక్కు, శిక్షణ, ప్రయాణం సంస్థ బాధ్యత. నడపడం ఆటగాడి బాధ్యత. షెర్కో టీవీఎస్ జట్టు తరఫున కేరళ యువకుడు హరిత్ నోవా 2024 డకార్ ర్యాలీలో ర్యాలీ–2 తరగతి విజేత అయ్యాడు, మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు. ఎడారి లేని రాష్ట్రంలో పుట్టినవాడు ఎడారి ర్యాలీలో గెలవగలిగాడంటే వెనక ఏళ్ల తరబడి ఒక సంస్థ నిలబడడం వల్లే. రేసు నుంచి కంపెనీ బండి గురించి నేర్చుకుంటుంది కాబట్టి అది దానం కాదు, పెట్టుబడి అంటారు. నిజమే. సర్ఫింగ్‌లో ఆ లాభం కనబడదు, అందుకే వేరే దారి వెతకాలి.

ఆ దారి చట్టంలోనే ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. అందుకు తగిన పనుల జాబితాలో ఒలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉంది. సర్ఫింగ్ టోక్యోతో ఒలింపిక్ క్రీడ అయింది. 2026 ఐచి–నగోయా ఆసియా క్రీడల్లోనూ చేరింది. 2023లో ఏర్పడిన తమిళనాడు చాంపియన్స్ ఫౌండేషన్ అటువంటి నిధులను స్వీకరిస్తుంది. స్థానిక ప్రాంతానికి ముందు ప్రాధాన్యమివ్వాలని చట్టం చెబుతుంది, హోసూరు డబ్బు హోసూరు పిల్లల మైదానాలకే ముందు చేరాలన్న వాదన న్యాయమైనదే. నేను కోరేది అందులో చిన్న వాటా. అదీ టోర్నమెంటు బ్యానర్ మీద పేరు కోసం కాదు, పది మంది సర్ఫర్లకు పోటీలు లేని నెలల్లో కూడా అందే జీతం కోసం. పోటీకి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతున్నారు. మహాబలిపురంలో 2023లో అంతర్జాతీయ పోటీ జరిగింది, 2025లో ఆసియా పోటీ జరిగింది. రెండు పోటీల నడుమ ఆటగాడు ఏం తిన్నాడని అడిగేవాళ్లే తక్కువ.

ఇక ఇసుక. అల ఎక్కడ, ఎలా విరగాలో నిర్ణయించేది సముద్రపు అడుగు. తూర్పు తీరంలో ఆ అడుగు చాలావరకు ఇసుక. ఆ ఇసుక నదులు తెచ్చింది. నంది కొండల్లో పుట్టి, కెలవరపల్లి మీదుగా, కృష్ణగిరి డ్యామ్ మీదుగా పారే మన దక్షిణ పినాకిని కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నైరుతి కాలంలో దక్షిణం నుంచి వచ్చే అలలు ఒడ్డు ఇసుకను ఉత్తరానికి, అంటే పుదుచ్చేరి వైపుకు నెడతాయి. ఈశాన్యం రోజుల్లో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద ప్రయాణం ఉత్తరానికే. 1950ల్లో కృష్ణగిరి, సాత్తనూరు డ్యాములు కట్టాక పైనుంచి వచ్చే ఇసుక జలాశయాల్లోనే ఆగుతోంది, దిగువన మిగిలినదాన్ని లారీలు తోడుకుపోయాయి. ఆ నీటితో మన పొలాలు పండాయి, డ్యాములు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ దాని ధర చెల్లించింది తీరం.

1980ల చివర్లో పుదుచ్చేరి రేవుకు రాతి గోడలు కట్టారు. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన తీరం కోసుకుపోయింది. ఆగిన ఇసుకను పంపులతో ఉత్తరానికి తోడిపోయాలన్నది ఆ రేవు ప్రణాళికలోనే ఉంది, అది సక్రమంగా జరగలేదు. పల్లెలను కాపాడేందుకు వరసగా రాళ్లు పోశారు. రాళ్లు ఇళ్లను కాస్తాయి గానీ పడవ లాగే ఒడ్డును, అల విరిగే ఇసుక దిబ్బను మింగుతాయి. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పుదుచ్చేరి బీచి ముందు నీటి అడుగున కృత్రిమ దిబ్బను దించాక కొంత ఇసుక తిరిగి వచ్చింది. ఇసుకకు దారి ఇస్తే తీరం కోలుకోగలదని అది రుజువు చేసింది.

కాలిఫోర్నియాలో సముద్రానికి దూరంగా లెమూర్ అనే ఊళ్లో స్లేటర్ బృందం యంత్రంతో అలలు పుట్టించే కొలను కట్టింది. అబుదాబిలోనూ అటువంటిదే వచ్చింది. మన వంటి నీటి కొరత నేలకు అది తగని మాట. మనకు చేతనైనది వేరే ఉంది: నదిలో ఇసుక తవ్వకాలకు నిజమైన హద్దు, డ్యాముల పూడికతీతలో దొరికే ఇసుకలో కొంత దిగువకు, పుదుచ్చేరి రేవు దగ్గర ఆగిపోయిన పంపులు మళ్లీ నడవడం. మూడూ మత్స్యకారుడి పడవకు కావలసినవే, సర్ఫర్‌కు ప్రత్యేకంగా అడగవలసింది ఏమీ లేదు. ఈ మూడింటిలో మొదటి రెండూ కృష్ణగిరి జిల్లా నుంచే మొదలుపెట్టగలిగిన పనులు.