కరిగినా తడి చేయని మంచు!

పెళ్లి వేదిక మీదికి వధూవరులు నడిచొస్తుంటే కాళ్ల చుట్టూ తెల్లటి మేఘాలు కమ్ముకుంటాయి. సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు మబ్బుల్లో తేలేదీ ఇలాగే. అదంతా వేడినీళ్లలో వేసిన డ్రై ఐస్ మాయ. చూడ్డానికి పొగలా ఉంటుంది కానీ, నిజానికి అది చల్లబడి తుంపరగా మారిన నీటి ఆవిరి.

అయితే ఈ సందడి దానికి కొసరు పని మాత్రమే. అసలు పని చల్లగా ఉంచడం!

సోడా మూత తీయగానే బుస్సుమనే కార్బన్ డయాక్సైడే గడ్డకడితే డ్రై ఐస్. మామూలు ఐసులా కరిగి నీరవదు, నేరుగా వాయువైపోతుంది. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆగితే ఇది మైనస్ 78.5 డిగ్రీలు. 1835లో ఫ్రాన్స్‌కు చెందిన థిలోరియే దీని గురించి మొదట రాస్తే, వ్యాపారులు అందిపుచ్చుకోవడానికి 1920ల దాకా పట్టింది. అప్పట్నుంచీ ఐస్‌క్రీమ్‌కి తోడుగా ఊళ్లు తిరుగుతోంది. 2020 చివర్లో ఫైజర్ కొవిడ్ టీకాని మైనస్ 70 డిగ్రీల చలిలో దేశాలు దాటించిందీ ఇదే. పెట్టె తెరవకుంటే పది రోజుల దాకా టీకా భద్రం!

మరి ఇప్పుడు ఆ ముక్క మనింటికీ వస్తోంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఐస్‌క్రీమ్ పెట్టెలో. పొగలు చూసి పిల్లలు ముచ్చటపడి చేత్తో పట్టుకోబోతారు. క్షణాల్లో చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది. నోట్లో వేసుకుంటే చెప్పనక్కర్లేదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఓ రెస్టరెంట్‌లో భోజనం తరవాత మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ తిన్న ఐదుగురు రక్తం కక్కుకున్నారు.

చలి సంగతి తాకితే తెలుస్తుంది. వాయువు సంగతి అలా కాదు, రంగూ వాసనా ఉండవు. కిలో డ్రై ఐస్ నుంచి 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. గాలికన్నా బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో పుట్టినరోజు వేడుకకి తమాషాగా ఉంటుందని ఈతకొలనులో పాతిక కిలోలు కుమ్మరించారు. ముగ్గురు చనిపోయారు. విమానంలో ఒక్కో ప్రయాణికుడికి రెండున్నర కిలోలకు మించి ఒప్పుకోకపోవడానికీ కారణం ఈ వాయువే, ఆ కాస్తయినా ఎయిర్‌లైన్స్ అనుమతి ఉంటేనే.

ఇంట్లో వాడాల్సివస్తే మందపాటి గ్లవుజులో పటకారో తప్పనిసరి. థర్మోకోల్ పెట్టెలో అడుగున కాకుండా సరుకు పైన పెట్టాలి, చలిగాలి కిందికే దిగుతుంది మరి. మూత బిగించి టేపు చుట్టేస్తే వాయువు పోయే దారిలేక పెట్టె పేలొచ్చు. ఇదే కారణంతో సీసాల్లో, థర్మాస్ ఫ్లాస్కుల్లో అసలే వేయకూడదు. కారులో తీసుకెళ్తుంటే అద్దాలు దించాల్సిందే. ఫ్రీజరులో దాచినా లాభం లేదు, అక్కడి చలికి అది నిలవదు.

మిగిలిన ముక్కల్ని సింకులో పడేయొద్దు, పైపులు పగులుతాయి. పిల్లలకి అందకుండా డాబా మీద వదిలేస్తే చాలు. తెల్లారేసరికి అక్కడ తడి కూడా కనిపించదు.