పిలిచే చేయి

పంచాంగంలో కనిపించని పండుగలు కొన్ని ఉన్నాయి. వాటికి తిథి లేదు, నక్షత్రం లేదు, వర్జ్యం అసలే లేదు. పంట ఇంటికి వచ్చిందా లేదా అన్నదొక్కటే వాటికి ముహూర్తం. మా అనంతపురం జిల్లా పల్లెల్లో క్రైస్తవ సంఘాలవారు చేసుకొనే కోత పండుగ అటువంటిది. ఒక ఊళ్ళో కార్తీకంలో జరిగితే పక్క ఊళ్ళో పుష్యంలో జరుగుతుంది. వాన మొహం చాటేసిన ఏడు ఇంకా వెనక్కు పోతుంది. దీని తేదీ తెలుసుకోవాలంటే గోడమీది కాలెండరు చూచి లాభం లేదు. మబ్బు చూడాలి, కాలువ చూడాలి.

ఈ వారం ఆ పండుగను గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాను. పండుగ వైభవం వర్ణించడానికి కాదు. ఆ రోజున అక్కడ ఎవరు ఎవరిని భోజనానికి పిలుస్తారు, పిలిస్తే ఎవరు కూర్చుంటారు, ఎవరు కూర్చోరు అన్నది చెప్పడానికి. చూడబోతే చిన్న సంగతే. కాని మన పల్లెల చరిత్రలో సగం ఆ చిన్న సంగతిలోనే ఉన్నది.

ముందు ఆ నేల మాట. కణేకల్ మా జిల్లాకు పడమటి అంచున, బళ్ళారి పొలిమేరకు దగ్గరగా ఉన్నది. ఒకప్పుడు ఆ ప్రాంతం బళ్ళారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయదుర్గం తాలూకాతోబాటు అనంతపురంలో కలిసింది. అందుకే కాబోలు, అక్కడివారి తెలుగులో ఇప్పటికీ కన్నడం తొంగిచూస్తూ ఉంటుంది. ఊరికి పడమటగా వేదవతి పారుతుంది. అక్కడివారు దాన్ని హగరి అంటారు. పారుతుందనడం మర్యాదకోసమే, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుక ఏరు. ఆషాఢం గాలి లేచిందంటే ఆ ఇసుక గట్టు దాటి వచ్చి చేలమీద దిబ్బలు పోస్తుంది. ఆ దిబ్బల మధ్య నిలబడితే ఇది తెలుగుదేశమా, రాజస్థానమా అన్న అనుమానం కలగక మానదు.

అదే సీమలో తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందిన చోట వరి పచ్చగా ఊగుతుంది. నాలుగు బారలు మెట్టకు ఎక్కితే కొర్ర, జొన్న, చెనిక్కాయ – అంతా ఆకాశం దయ. ఒకే ఊళ్ళో ఒకరు వడ్లు కొలుస్తూ ఉంటే, ఇంకొకరు కాయ పట్టని చెనిక్కాయ చెట్లు పీకి గొడ్లకు వేస్తూ ఉంటారు. పోనీ కాలువనైనా నమ్ముదామా అంటే అదీ లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ నీటి మీద బ్రతికే రైతులు గుండెలు అరచేతిలో పెట్టుకొని కూర్చున్నారు. ఇటువంటి చోట గింజ ఇల్లు చేరడమంటే, అది లెక్క ప్రకారం జరిగే పని కాదు. చేరిన రోజున ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నలుగురిని పిలిచి అన్నం పెట్టాలనిపిస్తుంది.

క్రైస్తవం ఈ వైపుకు వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హాండ్స్ బళ్ళారిలో దిగాడు. ఆ మిషను సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసినాయి. ఈ రెండు తేదీల నడుమ 1876–78లో ధాత కరువు వచ్చి ఈ సీమను ఊడ్చిపెట్టింది. ఆ తరువాత 1952 ప్రాంతపు కరువులో పెట్టిన గంజి కేంద్రాలను ఎరిగిన పెద్దవాళ్ళు మా జిల్లాలో ఇంకా అక్కడక్కడ ఉన్నారు. గిన్నె పట్టుకొని వరుసలో నిలబడినవారి బిడ్డలూ మనుమలే ఈనాడు గరిటె పట్టుకొని వడ్డిస్తున్నారు. కోత పండుగ రుచి తెలియాలంటే ఆ గిన్నెను మరచిపోకూడదు.

చర్చిలో ఈ పండుగకు ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఇంగ్లండులో కార్న్‌వాల్ సీమలోని మార్వెన్‌స్టో ఊరి పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అంటారు. అది 1843. కాని దీని వేళ్ళు ఇంకా లోతుగా ఉన్నాయి. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దు, రాలిన వెన్నులు ఏరవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదలిపెట్టమని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. పండుగనాడు నీ బిడ్డలతోబాటు దాసదాసీలూ, పరదేశీ, తండ్రిలేని బిడ్డా, విధవా కూడా సంతోషించాలని అంటుంది. అంటే పొరుగువాడిని పిలవడం ఈ పండుగకు తరువాత తగిలించిన మర్యాద కాదు. అసలు పండుగే అది.

తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక నా మనసు ఒక మాట దగ్గర ఆగుతుంది. చేలో రాలిన ఆ వెన్నులకు తెలుగు బైబిలు అనువాదకులు వాడిన మాట ‘పరిగె’. ఎక్కడినుంచో తెచ్చినది కాదు, మన పొలాల్లోదే. కోత అయిన చేలో వంగి వంగి పరిగె ఏరుకొన్న ఆడవాళ్ళు ఏ ఊళ్ళో లేరు? ఈనాటి నా విద్యార్థులను అడిగితే “పరిగె అంటే చిన్న చేప గదా, సార్!” అంటారు. అదీ తప్పు కాదు. కాని మెట్ట పల్లెలనుంచి వచ్చే పిల్లలు మాత్రం ఇంకొక అర్థం కూడా చెబుతారు. ఆ అర్థం వాళ్ళు నిఘంటువులో చదివినది కాదు. వాళ్ళ అవ్వల నడుముల్లో చూచినది.

మన కళ్ళానికీ ఒక ధర్మం ఉండేది. రాశి పోసిన తరువాత కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి – ఊరి ఆయగాండ్లందరికీ కొలత ప్రకారం గింజలు పోసేవారు. మేర అనండి, ఆయం అనండి. అయితే ఆ ధర్మంలోనూ మెట్లున్నాయి. రాశి పక్కన నిలబడి తీసుకొనేవారు కొందరు. కళ్ళం అంచున, దూరంగా, ఒడి పట్టి తీసుకొనేవారు కొందరు. దున్నడంలో, కలుపు తీయడంలో, కోయడంలో, నూర్చడంలో ముందున్నవారే పంచుకొనే వేళకు అంచుకు పోయేవారు. పెట్టే చేయి ఎప్పుడూ పైన, పట్టే చేయి ఎప్పుడూ కింద. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకు ఈ బాధ బాగా తెలుసు. 1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’లో ఆకలిగొన్న పేదవాడు తన మొరను శివుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపుతాడు. ఊళ్ళో మనుష్యులెవరూ వినేటట్లు లేకనే గదా ఆ పని!

మా వైపు పల్లె సంఘాలలో ఎక్కువమంది ఆ అంచున నిలబడినవారి సంతతే. ఏడాదికొక రోజు వాళ్ళ గుడి వాకిలి కళ్ళమవుతుంది. ఆ కళ్ళానికి వాళ్ళే ఆసాములు. పిలిచేది వాళ్ళు, రావలసింది ఊరు.

కొన్నేళ్ళ క్రిందట నా శిష్యుడొకడు కణేకల్ దగ్గరి తన పల్లెకు ఈ పండుగకు రమ్మంటే వెళ్ళాను. గుడి వాకిట రెండు వైపులా కంకులతో సహా జొన్నచొప్ప కట్టారు; పైన మామిడాకుల తోరణం. లోపల బల్లముందు వచ్చిన సామానంతా కుప్పపోశారు. కాలువ కింద చేను ఉన్నవారు వడ్ల మూట తెచ్చారు. మెట్ట చేనువారు కొర్రలు, చెనిక్కాయలు తెచ్చారు. చేనే లేనివారు గుమ్మడికాయో, కోడిపుంజో, నాలుగు గుడ్లో తెచ్చారు. ఒక పిల్లవాడు ఒకరోజు కూలి డబ్బు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి పెట్టాడు. డోలకు, హార్మోనియం పెట్టుకొని కీర్తనలు పాడారు. పాస్టరు అయ్యగారు రూతు కథ చెప్పారు. మోయాబునుంచి వచ్చిన విధవ పరాయి చేలో పరిగె ఏరుకోవడం, చేను ఆసామి బోయజు భోజనం వేళ ఆమెను కూడా కోతగాళ్ళతో కూర్చోబెట్టి పేలాలు పెట్టడం – ఇది ఆనాటి ప్రసంగం. గుడి బయట వేపచెట్టు కింద ఊరి కాపులు, బోయలు, కురుబలు, తురకల ఇంటి పెద్ద ఒకాయన కూర్చొని వింటున్నారు. వాళ్ళు వచ్చింది వేలంపాటకు.

వేలంలో ధరలు సంతలోని ధరలు కావు. గుడ్డు ఒకటి వంద రూపాయలు పలికింది. పుంజుకోసం ఇద్దరు బావమరదులు పంతానికి పోయారు. తరువాత ఒక గంపెడు చెనిక్కాయలు వచ్చినాయి. చెట్లు పీకిన చేలో నేల గెలికి, మిగిలిపోయిన కాయలు ఏరి ఒక ముసలవ్వ తెచ్చిన గంప అది. పాట పెట్టే మనిషి చమత్కారి. “రూతమ్మ పరిగె! రూతమ్మ పరిగె!” అని కేకవేశాడు. అందరూ నవ్వారు. ఆ అవ్వ ఎవరి చేలో ఏరిందో ఊరందరికీ తెలుసు. ఆ చేను ఆసామి వేపచెట్టు కిందనే ఉన్నాడు. “నా చేను కాయలు నాకే అమ్ముతారేమప్పా!” అని ఆయనా నవ్వి, గంప ఖరీదుకు మూడింతలు పెట్టి పాడుకొన్నాడు.

అంతవరకూ పాత ఆచారమే. నా శిష్యుని తండ్రి నా పక్కన కూర్చొని మెల్లగా చెప్పాడు: “పాటకు అందరూ వస్తారు సార్, ముందునుంచీ వస్తారు. అన్నం కాడికే రారు. మా నాయన కాలంలో అయితే బియ్యమూ పప్పూ విడిగా కట్టి ఇంటికి పంపేవాళ్ళం. వండింది తినేవాళ్ళు కాదు.”

విస్తళ్ళు పరుస్తున్నారు. ఆసామి లేచి కండువా దులుపుకొన్నాడు. అవ్వ అడ్డం వచ్చింది. ఆయనను చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి.

“ఏమి చిన్నరెడ్డీ, పాట పాడితివి, దుడ్లిస్తివి, అన్నం తినకుండా పోతాండావే?”

“పనుందవ్వా.”

“నలభై ఏండ్లు మీ కళ్ళంలో నేను తింటి. ఈ పొద్దు నా కళ్ళంలో నువ్వు తినల్ల.”

వేలంపాటలో అంత గోల చేసిన జనం ఒక్క క్షణం గమ్మునైపోయారు. ఆయన అటూ ఇటూ చూచాడు. వేపచెట్టు కింద ఉన్నవాళ్ళు ఆయననే చూస్తున్నారు. చివరకు చెప్పులు విడిచి, “సరే, పెట్టవ్వా” అని వరుసలో కూర్చున్నాడు. ఆయన వెనక నలుగురైదుగురు కూర్చున్నారు. తురకల పెద్దాయన అప్పటికే కూర్చొని చిత్రాన్నం అడిగి వేయించుకొంటున్నాడు. అందరూ కూర్చున్నారని చెప్పను. ఇద్దరు పెద్దలు అరటిపండు మాత్రం తీసుకొని వెళ్ళిపోయారు. ఒక యువకుడు మోటారు సైకిలు దిగకుండానే నమస్కారం పెట్టి పోయాడు. అవ్వ వాళ్ళను ఏమీ అనలేదు. రెడ్డి విస్తట్లో ఓళిగ మీద ఓళిగ వేయడంలో మునిగిపోయింది.

ఆనాడు అయ్యగారు చెప్పిన కథలో ఆసామి పరిగె ఏరేదాన్ని భోజనానికి పిలిచాడు. గుడి వాకిట పరిగె ఏరేది ఆసామిని పిలిచింది. పెట్టడానికి మనసు పెద్దదై ఉండాలంటారు, నిజమే. కాని పెట్టింది తినడానికి ఇంకా పెద్ద మనసు కావాలి. దానం చేసేటప్పుడు మన స్థానం మనకే ఉంటుంది. ఎదుటివాడి విస్తరి ముందు కూర్చున్నప్పుడు అది కాస్త కిందికి దిగుతుంది, లేదా ఎదుటివాడిది కాస్త పైకి లేస్తుంది. రెండూ ఒకటే.

మా జిల్లాకు పండుగలు కలిసి చేసుకోవడం కొత్త కాదు. నార్పల దగ్గరి గూగూడులో కుళ్ళాయస్వామి పీర్ల పండుగకు హిందువులు ఎంతమంది వస్తారో వేరే చెప్పనక్కరలేదు. ఎవరి దేవుడికైనా మొక్కుకోవడం మావాళ్ళకు బాగా తెలుసు. అయినా ఒక మాట చెప్పాలి. దేవుణ్ణి పంచుకోవడం తేలిక. అన్నం పంచుకోవడం కష్టం. మొక్కు తీర్చుకొని ఎవరి ఇంటికి వారు పోవచ్చు. అన్నానికి మాత్రం పక్కపక్కన కూర్చోవాలి.

ఇంకొక సంగతి. ఇప్పుడు వరి కోతకు యంత్రాలు వచ్చినాయి. ఆయం పోసే కళ్ళాలు దాదాపు లేవు. కూలి నోట్లలో వస్తుంది. ఆ పాత మెట్లు పోతే పోయినందుకు విచారించవలసిన పని లేదు. అయితే ఆ కళ్ళంలో ఎంత వంకరగానైనా ఊరంతా ఒకచోట నిలబడేది. ఇప్పుడు ఒకచోట నిలబడే సందర్భాలే తగ్గిపోతున్నాయి. అందుకే ఈ కోత పండుగలకు విలువ కట్టమంటాను. పాత కళ్ళంలోని మంచి ఇక్కడ మిగిలింది: పంట ఒక్కడిది కాదన్న మాట. అందులోని చెడు ఇక్కడ తిరగబడింది: అంచున నిలబడినవాడు నడుమకు వచ్చి పిలుస్తున్నాడు.

పాఠకులలో ఎవరికైనా ఇటువంటి పిలుపు వస్తే ఒక చిన్న మనవి. ఏ తేదీ అని అడిగేముందు వాన పడిందా, పంట వచ్చిందా అని అడగండి. గుమ్మడికాయ పాడుకోవడానికి కొంచెం డబ్బు జేబులో వేసుకోండి. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు మాత్రం కడుపు ఖాళీగా ఉంచుకొని వెళ్ళండి.